సిగ్నల్ లేని జంక్షన్‌లో గ్యాప్‌ను కొలవడం ఎలా? విశాఖ వీధులకు తగిన క్షేత్ర పద్ధతి

పక్క రోడ్డు నుంచి వచ్చి మెయిన్ రోడ్డు మీద కుడివైపు తిరగదలచిన మనిషి, అడ్డంగా సాగిపోతున్న రెండు వాహనాల మధ్య ఎన్ని సెకన్ల వ్యవధి ఉంటే బండి ముందుకు తీస్తాడు, ఎన్ని సెకన్లే ఉంటే ఆగిపోతాడు? ఈ ప్రశ్నకు అంకెల్లో సమాధానం చెప్పగలిగినప్పుడే, ఆ జంక్షన్‌కు సిగ్నల్ కావాలా, డివైడర్‌ను మూసెయ్యాలా, లేక మూలమీద నిలిపిన బళ్లను తీయిస్తే సరిపోతుందా అన్న చర్చకు ఒక ఆధారం దొరుకుతుంది. విశాఖపట్నంలో కాలనీ సంక్షేమ సంఘాలు జీవీఎంసీకి, పోలీసులకు ఇచ్చే వినతిపత్రాల్లో ఆవేదన నిండుగా ఉంటుంది కాని కొలత ఉండదు. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో కొలత ఉంటుంది కాని అది తరచుగా విదేశీ పద్ధతిని మక్కీకి మక్కీ దింపినదై ఉంటుంది. ఈ ఇద్దరికీ పనికివచ్చేలా, ఒక ఫోన్ కెమెరా, ఒక టేపు, ఒక స్ప్రెడ్‌షీట్‌తో చేయగలిగిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మాటల సంగతి. వాడుకలో దీన్ని మనం "సందు" అంటాం, "సందు దొరికితే దూరిపోయాడు" అంటాం. కాని సందు అంటే చిన్న వీధి కూడా కాబట్టి, నోటుపుస్తకంలో గందరగోళం రాకుండా ఈ వ్యాసంలో గ్యాప్ అనే మాటే వాడుతున్నాను. మెయిన్ రోడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి వచ్చే రెండు వాహనాల మధ్య ఉండే కాల వ్యవధి గ్యాప్. పక్క రోడ్డు వాహనం స్టాప్ లైన్ దగ్గరకు చేరిన క్షణం నుంచి మెయిన్ రోడ్డు మీద తొలి వాహనం దాని ముందుకు వచ్చే వరకు ఉన్న వ్యవధి లాగ్. తీసుకోదగిన గ్యాప్‌కు, తీసుకోదగని గ్యాప్‌కు మధ్య డ్రైవరు మనసులో ఉండే హద్దు క్రిటికల్ గ్యాప్. ఇది కంటికి కనపడేది కాదు. ఒక డ్రైవరు వదులుకున్న గ్యాప్‌లలో పెద్దదానికీ, చివరికి అతడు అందుకున్న గ్యాప్‌కూ మధ్య ఎక్కడో అది ఉంటుందని మాత్రమే చెప్పగలం, మిగిలినదంతా అంచనా కట్టవలసినదే.

చోటు ఎంపిక

మొదటిసారి చేసేవారు మూడు దారులు కలిసే జంక్షన్‌నే ఎంచుకోవాలి, ఎందుకంటే నాలుగు దారుల చోట ఎవరు ఎవరి కోసం ఆగారో వీడియోలో తేల్చడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టం. ఎంవీపీ కాలనీ సెక్టార్ల మధ్య లోపలి రోడ్లలోను, సీతమ్మధార, అక్కయ్యపాలెం వీధుల్లోను, మధురవాడ, పీఎం పాలెం వైపు లేఅవుట్ రోడ్లు పెద్ద రోడ్డును కలిసే చోట్లలోను ఇలాంటివి వెతుక్కోవచ్చు. సిగ్నల్ గాని, ట్రాఫిక్ పోలీసు గాని ఉండకూడదు; స్పీడ్ బ్రేకర్, బస్టాపు, షేర్ ఆటోలు మనుషులను ఎక్కించుకునే చోటు జంక్షన్‌ను ఆనుకుని ఉండకూడదు. మెయిన్ రోడ్డు మీద వాహనాలు వచ్చే వైపు దగ్గరలో సిగ్నల్ ఉందేమో తప్పక చూడాలి. సిగ్నల్ వదిలిన వాహనాలు గుంపుగా వచ్చి, ఆ తరువాత రోడ్డు కొంతసేపు ఖాళీగా మిగులుతుంది కనుక అక్కడి గ్యాప్‌లు యాదృచ్ఛికంగా ఉండవు, ఆ చోట నేను కింద చెప్పబోయే కెపాసిటీ సూత్రం తప్పుడు ఫలితం ఇస్తుంది. జాతీయ రహదారి 16ను ఆనుకుని ఉన్న అనేక పక్క రోడ్లకు ఈ ఇబ్బంది ఉంటుంది.

విశాఖలో ప్రత్యేకంగా గమనించవలసినది వాలు. మన ఊరివాళ్లు "కలెక్టరాఫీసు డౌన్" అని వాలునే చిరునామాగా చెబుతారు. అలాంటి డౌన్‌లో కింద ఉన్న పెద్ద రోడ్డులోకి దిగివచ్చే బండి బ్రేకు వదిలితే చాలు కదులుతుంది, అదే ఎత్తు ఎక్కి రోడ్డును చేరవలసిన బండి, అందులోనూ ముగ్గురు నలుగురిని ఎక్కించుకున్న ఆటో, క్లచ్ పట్టి బయలుదేరడానికే ఒక సెకను పైగా తీసుకోవచ్చు. కుదిరితే సమతలంగా ఉన్న చోటు ఎంచుకోండి, కుదరకపోతే వాలు ఎంతో కొలిచి రాసుకోండి, అంతేకాని వాలు ఉన్న జంక్షన్ ఫలితాన్ని సమతలంగా ఉన్న జంక్షన్‌తో కలపవద్దు.

రోజు విషయంలో పెద్దగా చెప్పవలసినది లేదు. వాన, సెలవు, సింహాచలం గిరి ప్రదక్షిణ, చందనోత్సవం లాంటి రోజులు వదిలి, మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి తీసుకుంటే చాలు. గాజువాక వైపు చేసేవారు మాత్రం కర్మాగారాల షిఫ్టు మారే వేళలను ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ అరగంట ట్రాఫిక్‌కు మిగతా రోజంతటితో పోలిక ఉండదు.

కెమెరా పెట్టేముందు ఒక గంట

కెమెరా బయటకు తీయకముందు ఒక గంటసేపు ఊరికే నిలబడి చూడాలని నేను పట్టుబట్టి చెబుతాను. 1989 నాటి రోడ్డు నియమాలు పక్క రోడ్డు నుంచి మెయిన్ రోడ్డుగా గుర్తించిన దారిలోకి వచ్చేవారు అక్కడ సాగుతున్న వాహనాలకు దారి ఇవ్వాలని, మిగతా చోట్ల తమ కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలని చెప్పాయి. వాటి స్థానంలో 2017లో మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. కాగితం మీద ప్రాధాన్యం ఇంత స్పష్టంగా ఉన్నా, జంక్షన్‌లో అది ఎలా అమలవుతోందో చూడాలి: మెయిన్ రోడ్డు మీద వచ్చే కారు హారన్ కొట్టి, లైట్లు వెలిగించి ఆర్పి తన హక్కు చాటుతోందా, లేక పక్క రోడ్డు నుంచి జరుగుతూ జరుగుతూ ముందుకు వచ్చిన ఆటోను చూసి వేగం తగ్గిస్తోందా? ఈ రెండో దృశ్యం ఎక్కువగా కనబడితే, అక్కడ ప్రాధాన్యం నియమాన్ని బట్టి కాక, ముందుకు చొచ్చుకువచ్చిన వాహనాన్ని బట్టి నిర్ణయమవుతోందని అర్థం, మీ లెక్క అంతా ఆ ఎరుకతోనే సాగాలి.

ఆ గంటలోనే కుడివైపు తిరిగే వాహనాలు నడిచే దారిని ఒక కాగితం మీద గీసుకోండి. మనం ఎడమవైపు నడిపేవాళ్లం కనుక, పక్క రోడ్డు నుంచి కుడికి తిరిగే వాహనం మొదట తన కుడిచేతి నుంచి వచ్చే ప్రవాహాన్ని దాటి, తరువాత ఎడమచేతి నుంచి వచ్చే ప్రవాహంలో కలుస్తుంది. డివైడర్ లేని రెండు లేన్ల రోడ్డులో ఈ రెండూ ఒకే ఊపులో జరుగుతాయి. డివైడర్ ఉన్న చోట చాలామంది మధ్యలో ఆగి రెండో సగానికి మళ్లీ వేచి ఉంటారు, అప్పుడు రెండు నిర్ణయాలను రెండు వేరు లెక్కలుగా చూడాలి. ఎడమవైపు తిరిగేవారు ఆగకుండా ఒరుసుకుంటూ కలిసిపోతారు కాబట్టి, మొదటి ప్రయత్నంలో వారిని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

వీడియో తీయడం

జంక్షన్ పూర్తిగా కనపడే మూడో లేదా నాలుగో అంతస్తు బాల్కనీ, లేకపోతే మేడపైభాగం కావాలి. ఇంటి యజమాని అనుమతి తీసుకోండి, స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పి ఉంచండి. సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు ఫోన్ చాలు. ఒక ఫ్రేము అంటే సెకనులో ముప్పయ్యో వంతు, మనకు కావలసిన కచ్చితత్వానికి అది సరిపోతుంది. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మెరిసే జాకెట్లు వేసుకుని, ఒకరు ట్రాఫిక్‌ను కనిపెట్టి ఉండగా మరొకరు పక్క రోడ్డు అంచున ఒక గీత, వాహనాల దారులు ఒకదాన్నొకటి ఖండించుకునే ప్రాంతం చుట్టూ దీర్ఘచతురస్రాకారంలో నాలుగు మూలల గుర్తులు ముగ్గుతో వేసి, వాటి మధ్య దూరాలను టేపుతో కొలిచి రాసుకోవాలి. తరువాత ఈ గీతలనే కంప్యూటరు తెర మీద గీసుకుని, వాటిని ఆధారంగా చేసుకుని సమయాలు చదవాలి.

కెమెరా ఎటు చూస్తుందో ఆలోచించండి. ఉదయం తూర్పుముఖంగా పెట్టిన కెమెరాకు ఎండ నేరుగా తగిలి వాహనాలు నల్లటి నీడలుగా మిగులుతాయి. మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లేస్తుంది, బీచ్ రోడ్డుకు దగ్గరలో అయితే స్టాండు కదలకుండా ఇసుక సంచి కట్టాలి, ఉప్పు తేమ పట్టే లెన్సును మధ్య మధ్య తుడవాలి. నా తొలి సర్వేలో నేను కెమెరాను రెండో అంతస్తులోనే, మెయిన్ రోడ్డుకు పక్కవాటుగా పెట్టాను. బస్సు వచ్చినప్పుడల్లా దాని వెనుక దాటుతున్న ద్విచక్ర వాహనాలు తెర మీద కనబడలేదు, రెండు రోజుల పనిలో సగం పారవేయవలసి వచ్చింది. పూర్తి సర్వేకు ముందు పది నిమిషాల వీడియో తీసి, తెర మీద వేసి చూసుకుంటే ఈ నష్టం తప్పుతుంది. వీడియోలో పడిన నంబరు ప్లేట్లు, ముఖాలు ఎవరికీ పంపవద్దు, సమయాలు చదవడం పూర్తయ్యాక అసలు ఫైలును చెరిపివేయండి.

సమయాలు చదవడం

ఓపిక అంతా ఇక్కడే కావాలి, ఫలితం బాగోగులు కూడా ఇక్కడే తేలుతాయి. కుడికి తిరిగే ప్రతి పక్క రోడ్డు వాహనానికి స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస కేటాయించి, వాహనం రకం, అది స్టాప్ లైన్‌ను చేరిన సమయం, ఆ తరువాత మెయిన్ రోడ్డు మీద దాని దారిని అడ్డగిస్తూ వెళ్లిన ఒక్కో వాహనం సమయం, చివరికి అది దీర్ఘచతురస్రంలోకి ముందు చక్రం పెట్టిన సమయం, వెనుక భాగం పూర్తిగా బయటపడిన సమయం రాయాలి. చివరి రెండింటి తేడా ఆ వాహనం దాటడానికి పట్టిన కాలం, దాన్ని ఖాళీ చేసే సమయం అందాం.

మెయిన్ రోడ్డు వాహనాల సమయం ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తున్నారన్నది మిశ్రమ ట్రాఫిక్‌లో పెద్ద తేడా తెస్తుంది. ముందు బంపరు నుంచి ముందు బంపరుకు కొలిస్తే వచ్చేది హెడ్‌వే, ముందు వాహనం వెనుక భాగం నుంచి తరువాతి వాహనం ముందు భాగం వరకు కొలిస్తే వచ్చేది అసలైన గ్యాప్. ఎక్కువగా కార్లే తిరిగే దేశాల్లో రెండింటి తేడా ఎప్పుడూ దాదాపు ఒకటే కాబట్టి వారు హెడ్‌వేతో సరిపెట్టుకోగలరు. మన రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే 12 మీటర్ల బస్సు ఒక గీతను దాటడానికి 1.4 సెకన్లు పైన పడుతుంది, అదే వేగంలో 2 మీటర్ల ద్విచక్ర వాహనానికి పావు సెకను కూడా పట్టదు. కనుక వెనుక భాగం నుంచి ముందు భాగానికి కొలవండి, ఆ విషయం నివేదిక మొదటి పేజీలోనే చెప్పండి.

లేన్ క్రమం లేని చోట ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే, కొద్దిగా ముందువెనుకలుగా వస్తారు. అలా వచ్చినవారందరినీ ఒక గుంపుగా తీసుకుని, వారిలో చివరివాడు దాటినప్పుడు గ్యాప్ మొదలైనట్టు, తరువాతి గుంపులో మొదటివాడు వచ్చినప్పుడు ముగిసినట్టు లెక్కవేయడం నా పద్ధతి. దానిని మీరు మార్చుకోవచ్చు, కాని పని మధ్యలో మార్చకూడదు.

ఇక ప్రతి వరుసకు చివర ఒక గుర్తు పెట్టాలి. డ్రైవరు ఆగి, చూసి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా దాటితే "మామూలు". ఆగకుండా వేగం తగ్గించి దాటేస్తే "కదులుతూ". అతడు వచ్చినందువల్ల మెయిన్ రోడ్డు వాహనం బ్రేకు వేయవలసి వచ్చినా, పక్కకు తప్పుకోవలసి వచ్చినా "బలవంతం". ఆటో గాని బస్సు గాని దాటుతుంటే దాని చాటున ఆనుకుని ద్విచక్ర వాహనాలు కూడా దాటడం మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఆ బళ్లవారు గ్యాప్‌ను ఎంచుకోలేదు, పెద్ద వాహనాన్ని ఎంచుకున్నారు, కనుక వారికి "చాటు" అన్న గుర్తు పెట్టి లెక్కలోంచి పక్కన పెట్టండి. ఈ నాలుగింటిని కలిపివేసిన లెక్క ఎంత పొందికగా కనపడినా దాన్ని నేను నమ్మను.

ఒక్కో వాహన రకానికి, అంటే ద్విచక్ర వాహనం, ఆటో, కారులకు విడివిడిగా, కనీసం నూటయాభై మామూలు వరుసలు వచ్చే వరకు చదవడం మంచిది. బస్సులు, లారీలు పక్క రోడ్లలో అంత సంఖ్యలో దొరకవు, వాటికి విడిగా విలువ కట్టే ప్రయత్నం వద్దు.

క్రిటికల్ గ్యాప్ కట్టడం

అన్నిటికంటే సులువైనది 1950లో అమెరికాలో రాఫ్ చూపిన పద్ధతి. ఒక సమయం కంటే చిన్నవైనా అంగీకరించిన వాటి సంఖ్య, ఆ సమయం కంటే పెద్దవైనా తిరస్కరించిన వాటి సంఖ్య సమానమయ్యే బిందువే క్రిటికల్ విలువ. రాఫ్ దీనిని లాగ్‌లకు మాత్రమే వాడాడు, అందులో ఒక కారణం దాగి ఉంది: జాగ్రత్తపరుడు ఐదారు గ్యాప్‌లను తిరస్కరిస్తాడు, తొందరపడేవాడు ఒక్కదాన్నీ తిరస్కరించడు, అన్నిటినీ లెక్కలో వేస్తే జాగ్రత్తపరుల మాటే ఎక్కువసార్లు వినబడుతుంది. లాగ్‌లు చాలినన్ని లేకపోతే ఒక్కో డ్రైవరు తిరస్కరించిన వాటిలో పెద్దదాన్ని మాత్రమే తీసుకోవాలి.

దీనికంటే బలమైనది గరిష్ఠ సంభావ్యతా పద్ధతి, దీనికి 1992లో ట్రౌట్‌బెక్ ఇచ్చిన రూపమే నేటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. క్రిటికల్ గ్యాప్ లాగ్-నార్మల్ విస్తరణను (లాగరిథం తీస్తే గంట ఆకారపు విస్తరణగా మారేది, పైన చెప్పిన లాగ్‌తో దీనికి సంబంధం లేదు) అనుసరిస్తుందని అనుకుని, ప్రతి డ్రైవరు హద్దు అతడి పెద్ద తిరస్కృతికీ అంగీకారానికీ మధ్య పడే అవకాశాన్ని లెక్కించి, వాటన్నిటి లబ్ధం గరిష్ఠమయ్యేలా విస్తరణ విలువలను స్ప్రెడ్‌షీట్‌లోని సాల్వర్‌తో వెతకడమే ఈ పని. ఐదు సెకన్లు వదులుకుని మూడు సెకన్లలో దూరినవారిని ఈ పద్ధతి నేరుగా ఇముడ్చుకోలేదు. వారిని తీసివేసేముందు ఎంతమంది ఉన్నారో రాసుకోండి, ఎందుకంటే ఎక్కువసేపు నిలబడి విసిగినవారే చిన్న గ్యాప్‌లో దూరుతారు, ఆ సంఖ్య జంక్షన్ ఎంత విసిగిస్తోందో చెబుతుంది.

ఈ రెండు పద్ధతులూ మన రోడ్ల మీద ఒక చోట తడబడతాయి. ఆటో ఆగిన చోటు నుంచి బయలుదేరి 7 మీటర్ల రోడ్డును, తన పొడవుతో కలిపి దాదాపు 10 మీటర్లు దాటాలనుకోండి. సెకను సెకనుకు వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరిగితే, దానికి 4.5 సెకన్లు పడుతుంది. మీ రాఫ్ లెక్కలో ఆటోకు 2.5 సెకన్లు వచ్చిందంటే ఆటో అద్భుతమేమీ చేయలేదు, మిగిలిన 2 సెకన్లను మెయిన్ రోడ్డువారు బ్రేకు వేసి సమకూర్చారు. అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ పక్క రోడ్డు నుంచి వచ్చి ప్రవాహాన్ని దాటి తిరిగే కారుకు, అంటే మన కుడి మలుపుకు సమానమైనదానికి, రెండు లేన్ల మెయిన్ రోడ్డు మీద 7.1 సెకన్ల మూల విలువ ఇస్తుంది. ఆ అంకెను ఇక్కడికి తెచ్చి పెట్టడం ఎంత తప్పో, 2.5 సెకన్లే మన డ్రైవర్ల అవసరం అనుకోవడమూ అంతే తప్పు.

అందుకే అశాలత, సతీశ్ చంద్ర 2011లో ప్రతిపాదించిన ఖాళీ చేసే సమయపు పద్ధతిని తప్పక చేయమంటాను. దాటడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తెచ్చే ఈ ఆలోచనకే 2017 నాటి ఇండియన్ హైవే కెపాసిటీ మాన్యువల్‌లోనూ చోటు దొరికింది. మీరు రాసిన ఖాళీ చేసే సమయాల సంచిత వక్రరేఖను (ఒక్కో సమయంలోపు ఎంత వంతు వాహనాలు దాటాయో చూపే గీతను) గీయండి, అది కుడివైపుకు పోయేకొద్దీ పైకి లేస్తుంది. అంగీకరించిన గ్యాప్‌ల సంచిత నిష్పత్తిని ఒకటి నుంచి తీసివేసి రెండో రేఖ గీయండి, అది కిందికి దిగుతుంది. రెండూ కలిసే చోటు క్రిటికల్ గ్యాప్. వాహనం నిజంగా తీసుకున్న సమయం ఇందులో భాగం కాబట్టి భౌతికంగా సాధ్యం కాని అంకె సాధారణంగా రాదు. ఈ విలువకూ రాఫ్ విలువకూ మధ్య తేడాను నేను విడిగా నివేదికలో పెడతాను, పక్క రోడ్డువారి తొందరలో ఎంత భారం మెయిన్ రోడ్డువారి మీద పడుతోందో అది చూపుతుంది.

అంకెతో ఏం చేయాలి

పక్క రోడ్డు నుంచి గంటకు ఎన్ని వాహనాలు దాటగలవో కట్టడానికి మూడు అంకెలు కావాలి: మెయిన్ రోడ్డు ప్రవాహం (గంటకు ఎన్ని వాహనాలు), క్రిటికల్ గ్యాప్, ఒకే గ్యాప్‌లో వరుసగా దాటే రెండు వాహనాల మధ్య వ్యవధి (దీన్ని వరుస వ్యవధి అందాం). ప్రవాహాన్ని క్రిటికల్ గ్యాప్‌తో గుణించి 3600తో భాగించి, ఆ ఫలితానికి ఋణ ఘాతం తీసి (స్ప్రెడ్‌షీట్‌లో EXP(-ఫలితం)), మళ్లీ ప్రవాహంతో గుణించండి. తరువాత క్రిటికల్ గ్యాప్ చోట వరుస వ్యవధిని పెట్టి అలాగే ఋణ ఘాతం తీసి, దాన్ని ఒకటి నుంచి తీసివేసి, వచ్చినదానితో మొదటి ఫలితాన్ని భాగించండి. ఉదాహరణకు ప్రవాహం 900, వరుస వ్యవధి 2.5 సెకన్లు అనుకుంటే, క్రిటికల్ గ్యాప్ 2.5 సెకన్లకు కెపాసిటీ గంటకు సుమారు 1040 వాహనాలు, 4.5 సెకన్లకు సుమారు 630. పద్ధతి మారగానే అదే జంక్షన్ "సిగ్నల్ అక్కరలేదు" నుంచి "ఆలోచించాలి" వరకు మారిపోవడం ఇలాగే జరుగుతుంది.

సిగ్నల్ కోసం అడిగేవారు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో ఐఆర్‌సీ 93ను, స్పీడ్ బ్రేకర్ కోసం అడిగేవారు ఐఆర్‌సీ 99ను చదివి తమ అంకెలను దాని పక్కన పెట్టాలి. అయితే వినతిపత్రం రాసేముందు ఒకసారి స్టాప్ లైన్ దగ్గర, డ్రైవరు కన్ను ఉండే ఎత్తులో నిలబడి కుడివైపు ఎంత దూరం కనబడుతోందో కొలవండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 4.5 సెకన్లలో 50 మీటర్లు వస్తుంది. మూలమీద నిలిపిన కార్లు, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ, కూరగాయల బండి, పెరిగిన చెట్టుకొమ్మలు ఆ 50 మీటర్లను 20 మీటర్లు చేస్తే, డ్రైవరు గ్యాప్‌ను ఎంచుకోవడం లేదు, ఊహించుకుని ముందుకు జరుగుతున్నాడు. అలాంటి చోట మొదట ఆ మూలను ఖాళీ చేయించి, నెల తరువాత వారంలో అదే రోజు, అదే వేళ, అదే బాల్కనీ నుంచి మళ్లీ వీడియో తీసి, "బలవంతం" గుర్తు పడిన వరుసలు నూటికి ఎన్ని తగ్గాయో చూడండి. రెండు వీడియోలనూ ఒకే మనిషి చదవాలి, ఎందుకంటే బ్రేకు వేసినట్టా, వేయనట్టా అన్న తీర్పు మనిషి మనిషికీ మారుతుంది.